ఒక్క పొర గ్రాఫీన్, తొమ్మిది వందల పొరల పూత: డోపమిన్ సెన్సర్ల అసలు లెక్క

నాడీకణాల మధ్య సంకేతాలు మోసే డోపమిన్ చుక్క రక్తంలో ఎంతుందో నిమిషంలో చెప్పే గ్రాఫీన్ సెన్సర్ వచ్చిందనీ, చెమటలోంచే యూరిక్ యాసిడ్‌ను పసిగట్టే పట్టీ తయారైందనీ వార్తలు తరచూ కనిపిస్తుంటాయి. మందుల షాపులో అడిగితే మాత్రం దొరికేది గ్లూకోమీటరు స్ట్రిప్పులే, మహా అయితే యూరిక్ యాసిడ్ స్ట్రిప్పులు. గ్రాఫీన్‌ను, అంటే ఒక్క పరమాణువు మందమున్న కార్బన్ రేకును, విడదీసి రెండు దశాబ్దాలు దాటింది. దానితోనూ అలాంటి ఇతర పదార్థాలతోనూ చేసిన సెన్సర్ల మీద పరిశోధన పత్రాలు గుట్టలుగా పడ్డాయి. వార్తకూ షాపుకూ మధ్య ఇంత దూరం ఎందుకన్నది చాలామంది పాఠకుల సందేహం.

క్లుప్తంగా: గ్రాఫీన్, మాలిబ్డినం డైసల్ఫైడ్, మ్యాక్సీన్ వంటి ద్విమితీయ (టూడీ) పదార్థాలు, అంటే కొన్ని పరమాణువుల మందమే ఉండే రేకులు, ఎలక్ట్రోడ్ మీద ఎలక్ట్రాన్ల రాకపోకలను సులువు చేస్తాయి. అణువుకూ అణువుకూ తేడా కనిపెట్టడం మాత్రం వాటికి పెద్దగా చేతకాదు. పత్రాల్లో కనిపించే మెరుగుదలలో కొంత పదార్థానిది, కొంత పూత వేసిన తీరుది, ఇంకొంత మలినాలది. పీహెచ్‌ను స్థిరంగా ఉంచే బఫర్ ద్రావణంలో బాగా నడిచిన ఎలక్ట్రోడ్ రక్తంలో తడబడటానికి కారణాలు రసాయన శాస్త్రంలోనే ఉన్నాయి. వాటిలో చాలావాటిని ముందే లెక్క కట్టవచ్చు.

మూడు అణువులు, ఒకే వోల్టేజి

విద్యుద్రసాయన సెన్సర్ పని సూత్రం తేలికైనదే. ద్రావణంలో మూడు ఎలక్ట్రోడ్లు ముంచుతారు. వర్కింగ్ ఎలక్ట్రోడ్ మీద చర్య జరుగుతుంది, రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌తో వోల్టేజిని పోల్చి చూస్తారు, కౌంటర్ ఎలక్ట్రోడ్ సర్క్యూట్‌ను పూర్తి చేస్తుంది. వోల్టేజి పెంచుకుంటూ పోతే ఒక దశలో అణువు తన ఎలక్ట్రాన్లను వదిలేస్తుంది, కరెంట్ ఒక్కసారిగా లేచి మళ్లీ దిగుతుంది. ఆ పీక్ ఏ వోల్టేజి దగ్గర వచ్చిందో చూసి అణువు ఏదో, ఎంత ఎత్తు లేచిందో చూసి అది ఎంతుందో అంచనా వేస్తారు.

డోపమిన్ ఇలా ఆక్సీకరణ చెందేటప్పుడు రెండు ఎలక్ట్రాన్లు, రెండు ప్రోటాన్లు వదిలి డోపమిన్ క్వినోన్‌గా మారుతుంది. చిక్కంతా దాని పొరుగువాళ్లతోనే. శరీర ద్రవాల్లో డోపమిన్ ఉన్న చోటల్లా ఆస్కార్బిక్ ఆమ్లం, అంటే విటమిన్ సి, ఉంటుంది. యూరిక్ ఆమ్లమూ ఉంటుంది. మామూలు కార్బన్ ఎలక్ట్రోడ్ మీద ఈ మూడూ దాదాపు ఒకే వోల్టేజి పరిధిలో ఆక్సీకరణ చెందుతాయి కాబట్టి మూడు పీకులూ కలిసిపోయి ఒకే వెడల్పాటి గుట్టలా కనిపిస్తాయి.

మోతాదుల తేడా చూస్తే చిక్కు ఇంకా ముదురుతుంది. మెదడు కణాల మధ్య ద్రవంలో ఆస్కార్బేట్ (ఆస్కార్బిక్ ఆమ్లం శరీరంలో ఉండే రూపం) 200 నుంచి 400 మైక్రోమోలార్ దాకా ఉంటుంది. అక్కడ డోపమిన్ ఉండేది నానోమోలార్లలో, అంటే మైక్రోమోలార్‌లో వెయ్యో వంతు కొలతల్లో. రక్తంలో యూరిక్ ఆమ్లం సుమారు 200 నుంచి 420 మైక్రోమోలార్ ఉంటే, ప్లాస్మాలో స్వేచ్ఛగా తిరిగే డోపమిన్ 0.2 నానోమోలార్‌ను కూడా దాటదు. అంటే ఒక్క డోపమిన్ అణువు పక్కన పది లక్షలకు పైగా యూరేట్ (యూరిక్ ఆమ్లం రక్తంలో ఉండే రూపం) అణువులు. తిరునాళ్ల గుంపులో తప్పిపోయిన పిల్లాడిని వెతకడం ఇంతకంటే తేలిక.

ఒక్క సానుకూలత ఉంది. రక్తపు పీహెచ్ 7.4 దగ్గర డోపమిన్‌లో 97 శాతం ధనావేశంతో ఉంటుంది, ఎందుకంటే దాని పీకేఏ (సగం అణువులు ప్రోటాన్ వదిలేసే పీహెచ్) దాదాపు 8.9. ఆస్కార్బిక్ ఆమ్లం పీకేఏ 4.2, యూరిక్ ఆమ్లానిది 5.4 కాబట్టి ఆ రెండూ రుణావేశంతో ఉంటాయి. ఎలక్ట్రోడ్ ఉపరితలానికి రుణావేశం ఇస్తే డోపమిన్ దగ్గరికి వస్తుంది, మిగతా రెండూ దూరం జరుగుతాయి. ఈ రంగంలో పన్నిన ఉపాయాల్లో సగం ఈ సంగతి మీదే నిలబడ్డాయి.

పూతరేకుల దొంతర

గ్రాఫైట్‌ను ఆత్రేయపురం పూతరేకుల దొంతర అనుకుంటే గ్రాఫీన్ అందులో ఒక్క రేకు. ఆ రేకు మందం ఒకే ఒక్క కార్బన్ పరమాణువు, రేకుకూ రేకుకూ మధ్య దూరం 0.335 నానోమీటర్లు. 2004లో మాంచెస్టర్‌లో ఆండ్రే గీమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలొవ్‌లు అతుకుడు టేపుతో ఈ రేకును ఊడదీశారు. 2010లో వారికి భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. లెక్క ప్రకారం ఒక గ్రాము గ్రాఫీన్‌కు రెండు వైపులా కలిపి 2630 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. సెన్సర్ల వాళ్లకు ఆశ పుట్టించింది ఈ అంకే.

నిజానికి సెన్సర్లలో వాడేది టేపుతో తీసిన గ్రాఫీన్ కాదు. 1958 నాటి హమ్మర్స్ పద్ధతిలో గ్రాఫైట్‌ను గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, పొటాషియం పర్మాంగనేట్‌లతో ఆక్సీకరించి గ్రాఫీన్ ఆక్సైడ్ చేస్తారు. అది నీళ్లలో చక్కగా కలుస్తుంది కానీ కరెంట్‌ను సరిగా పోనివ్వదు. అందుకే హైడ్రజీన్‌తోనో, ఆస్కార్బిక్ ఆమ్లంతోనో, ఎలక్ట్రోడ్ మీదే రుణ వోల్టేజి పెట్టో దాన్ని క్షయకరిస్తారు. పత్రాల్లో గ్రాఫీన్ అని రాసినా చాలాచోట్ల ఉన్నది ఈ క్షయకరించిన ఆక్సైడే: చిల్లులు, మడతలు, మిగిలిపోయిన ఆక్సిజన్ గుంపులు ఉన్న రేకు. ఒక హెచ్చరిక. పర్యావరణానికి మేలని ఆస్కార్బిక్ ఆమ్లంతో క్షయకరించి, సరిగ్గా కడగకుండా, దానితోనే ఆస్కార్బిక్ ఆమ్లాన్ని కొలిస్తే మొదటి పీక్ ఎవరిదో చెప్పడం కష్టం.

మాలిబ్డినం డైసల్ఫైడ్ ఒక పొర మందం సుమారు 0.65 నానోమీటర్లు. దాని సహజ రూపం అర్ధవాహకం. బ్యూటైల్ లిథియంతో పొరలు విడదీస్తే లోహంలా కరెంట్ పోనిచ్చే రూపం వస్తుంది గానీ అది నిలకడ లేనిది, మెల్లగా పాత రూపానికి మళ్లిపోతుంది. నల్ల భాస్వరం పొరలైతే గాలి, తేమ, వెలుతురు తగిలితే చాలు, పాడైపోతాయి. బోరాన్ నైట్రైడ్ విద్యుద్బంధకం కాబట్టి ఒంటరిగా ఎలక్ట్రోడ్ పని చేయలేదు. మ్యాక్సీన్ సంగతి వేరుగా చెప్పుకోవాలి.

పని జరిగేది అంచుల్లో

గ్రాఫీన్ రేకు నడిమి మైదానంలో కార్బన్ పరమాణువుల బంధాలన్నీ తీరిపోయి ఉంటాయి. అంచుల్లోనూ చిల్లుల దగ్గరా అలా ఉండదు, అక్కడ ఆక్సిజన్ గుంపులు చేరతాయి. డోపమిన్, ఆస్కార్బేట్ వంటి అణువులు ఉపరితలంతో దగ్గరి సంబంధం పెట్టుకుని ఎలక్ట్రాన్లు వదులుతాయి కనుక అంచుల దగ్గర చర్య చురుగ్గా సాగుతుంది. మైదానం పూర్తిగా నిద్రపోతుందా, కొంత పని చేస్తుందా అన్న దానిపై పరిశోధకుల మధ్య చాలా ఏళ్లు వాదం నడిచింది. అప్పుడే ఊడదీసిన తాజా గ్రాఫైట్ ఉపరితలం కూడా చర్య జరుపుతుందనీ, గాలిలో కొద్దిసేపు ఉంటే మందగిస్తుందనీ తేలాక అంచులదే సర్వస్వం అన్న మాట కాస్త మెత్తబడింది. అయినా తయారీదారుకు పనికొచ్చే సూత్రం మారలేదు: మచ్చలేని ఒంటి రేకు ఎలక్ట్రానిక్స్‌కు మంచిది, చిరుగులున్న రేకు సెన్సర్‌కు మంచిది.

మలినాల సంగతి అంతకంటే ఇబ్బందికరం. హమ్మర్స్ పద్ధతిలో పర్మాంగనేట్ వాడతారు కాబట్టి మాంగనీస్ ఆనవాళ్లు మిగులుతాయి. గ్రాఫైట్‌తోపాటే ఇనుము, నికెల్ వస్తాయి. పత్రంలో గ్రాఫీన్ ఉత్ప్రేరక శక్తి అని రాసిన చోట కొన్నిసార్లు పనిచేసింది ఈ లోహాలే. గ్రాఫీన్‌కు ఏదో ఒక మూలకం కలిపి ఉత్ప్రేరకం మెరుగైందని చెప్పే పత్రాల వరదను చూసి రసాయన శాస్త్రవేత్త మార్టిన్ పుమెరా బృందం 2020లో ఒక కొంటె ప్రయోగం చేసింది. గ్రాఫీన్‌కు పక్షి రెట్ట కలిపి వేడి చేసింది. నైట్రోజన్, భాస్వరం, గంధకం అన్నీ సహజంగానే ఉన్న ఆ రెట్ట కలిసిన గ్రాఫీన్, ఏమీ కలపని గ్రాఫీన్ కంటే మెరుగ్గా పనిచేసింది. ఫలితం ఏసీఎస్ నానో పత్రికలో అచ్చయింది. ఏది కలిపినా మెరుగుపడుతుంటే, మెరుగుపడింది అన్న మాటకు విలువెంత అన్నదే ఆ పత్రం వేసిన ప్రశ్న. వ్యంగ్యంగా రాసినా అందులోని కొలతలు నిజమైనవే.

ఐదు మైక్రోలీటర్ల చుక్క

ఒక సాధారణ సెన్సర్ తయారీని దగ్గర నుంచి చూద్దాం. 3 మిల్లీమీటర్ల వ్యాసమున్న గ్లాసీ కార్బన్ (గాజులా నున్నగా, గట్టిగా ఉండే కార్బన్) ఎలక్ట్రోడ్‌ను 1, 0.3, 0.05 మైక్రాన్ల అల్యూమినా పొడితో వరసగా, ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ మెరుగు పెడతారు. ప్రతి దశ తర్వాతా నీళ్లలోనూ ఇథనాల్‌లోనూ సోనికేటర్‌లో, అంటే శబ్ద తరంగాలతో కుదిపే తొట్టిలో, పెట్టి పొడి పోగొడతారు. తర్వాత 0.1 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో కలిపిన ఫెర్రీసయనైడ్‌తో పరీక్షిస్తారు. ఆక్సీకరణ, క్షయకరణ పీకుల మధ్య దూరం 60 నుంచి 80 మిల్లీవోల్టుల్లో ఉంటే ఉపరితలం శుభ్రంగా ఉన్నట్టు. 120 దాటితే మళ్లీ అల్యూమినా దగ్గరికి వెళ్లాల్సిందే. ఈ పరీక్ష ఎగ్గొట్టి, సరిగా శుభ్రం కాని ఎలక్ట్రోడ్‌తో పోల్చి, గ్రాఫీన్ పూత పది రెట్లు మెరుగని చెప్పడం చాలా సులువు.

ఆ తర్వాత మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము గ్రాఫీన్ ఉన్న ద్రావణం నుంచి 5 మైక్రోలీటర్లు పిపెట్‌తో తీసి ఎలక్ట్రోడ్ మీద వేసి ఆరబెడతారు. అంటే 5 మైక్రోగ్రాముల గ్రాఫీన్. ఎలక్ట్రోడ్ వైశాల్యం 0.0707 చదరపు సెంటీమీటర్లు కనుక చదరపు సెంటీమీటరుకు దాదాపు 71 మైక్రోగ్రాములు పడ్డట్టు. ఒక్క పొర గ్రాఫీన్ బరువు చదరపు సెంటీమీటరుకు 0.077 మైక్రోగ్రాములే. భాగించి చూస్తే ఆ చుక్కలో ఉన్నది 900కు పైగా పొరలు! తడి తగిలిన పూతరేకులు ముద్ద కట్టినట్టే, ద్రావకం ఆవిరయ్యేకొద్దీ రేకులు ఒకదాని మీద ఒకటి కూర్చుని మళ్లీ గ్రాఫైట్ వైపు వెళ్తాయి. పేరులో ద్విమితీయం మిగులుతుంది, ఎలక్ట్రోడ్ మీద ఉన్నది ముడతలు పడ్డ, సందులున్న త్రిమితీయ పూత.

ఆరేటప్పుడు ఇంకో సంగతి జరుగుతుంది. బల్ల మీద పడ్డ టీ చుక్క ఎండితే అంచున చిక్కటి వలయం మిగిలినట్టు, రేకులు కూడా చుక్క అంచుకు కొట్టుకుపోతాయి. మధ్యలో పలుచగా, చుట్టూ మందంగా పూత తయారవుతుంది. ఒకే మనిషి, ఒకే సీసాలోంచి, ఒకే రోజు వేసిన ఐదు ఎలక్ట్రోడ్లు ఐదు రకాలుగా రావడానికి పెద్ద కారణం ఇదే. చుక్కను తగ్గించి రెండు మూడు విడతలుగా వేయడం, పైన బీకరు బోర్లించి మెల్లగా ఆరనివ్వడం కొంత మేలు చేస్తాయి. డైమిథైల్ ఫార్మమైడ్‌లో కలిపిన గ్రాఫీనైతే ఆ ద్రావకం 153 డిగ్రీల దగ్గర గానీ మరగదు కాబట్టి ల్యాంపు కింద పావుగంట పెట్టినా కొంత లోపలే ఉండిపోతుంది. మొదటి కొన్ని స్కాన్లలో (వోల్టేజిని ఒక హద్దు దాకా పెంచుతూ తీసే కొలతల్లో) కరెంట్ ఊగిసలాడితే ముందు అనుమానించాల్సింది దాన్నే.

సందులున్న పూత వల్ల వచ్చే భ్రమ ఒకటుంది. మామూలు ఎలక్ట్రోడ్ దగ్గరికి అణువులు ద్రావణంలోంచి వ్యాపనంతో నడిచి రావాలి. పూత సందుల్లో చిక్కుకున్న ద్రావణానికి ఆ నడక అక్కర్లేదు, అక్కడి అణువులు వెంటనే ఖర్చయిపోతాయి. ఫలితంగా పీకులు సన్నబడి, పక్కకు జరిగి, ఒకదాన్నుంచి ఒకటి విడిపోయినట్టు కనిపిస్తాయి. చూసినవాళ్లు ఉత్ప్రేరణ అనుకుంటారు, నిజానికి జ్యామితి మారింది. తేడా తెలియాలంటే స్కాన్ వేగాన్ని సెకనుకు 10 నుంచి 500 మిల్లీవోల్టుల దాకా మార్చి, పీక్ కరెంట్‌నూ వేగాన్నీ లాగరిథం గ్రాఫ్ మీద పెట్టాలి. వాలు 0.5 దగ్గరుంటే వ్యాపనం, 1 దగ్గరుంటే అతుక్కున్న అణువులో సందుల్లో చిక్కినవో. 0.7 లాంటి అంకె వస్తే రెండూ కలిశాయి, పోలికలు జాగ్రత్తగా చేయాలి.

ఉపరితలం పెరిగితే సిగ్నల్ పెరుగుతుందా?

ఎక్కువ ఉపరితలం, ఎక్కువ సున్నితత్వం అన్న వాదన పత్రాల తొలి పేరాల్లో తప్పకుండా కనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం. సెకనుకు 100 మిల్లీవోల్టుల వేగంతో స్కాన్ చేస్తే 1 మైక్రోమోలార్ డోపమిన్ నుంచి వచ్చే వ్యాపన పీక్ కరెంట్ చదరపు సెంటీమీటరుకు దాదాపు 0.6 మైక్రోఆంపియర్లు. ఉత్త గ్లాసీ కార్బన్ కెపాసిటర్‌లా పనిచేసినందుకే, అంటే అణువులేవీ లేకపోయినా, అదే వేగం దగ్గర సుమారు 2.5 మైక్రోఆంపియర్ల నేపథ్య కరెంట్ ఉంటుంది. నిజ ఉపరితలాన్ని 20 రెట్లు పెంచే పూత వేస్తే నేపథ్యం 50 మైక్రోఆంపియర్లకు చేరుతుంది. డోపమిన్ కరెంట్ మాత్రం 20 రెట్లు పెరగదు. వ్యాపన పొర మందం పదుల మైక్రోమీటర్లు ఉంటుంది, దాని కంటికి పూతలోని గతుకులు కనిపించవు, ఎలక్ట్రోడ్ బయటి వైశాల్యమే కనిపిస్తుంది. డోపమిన్ ఉపరితలానికి అతుక్కునే గుణం వల్ల కొంత లాభం ఉంటుంది, దాన్ని కాదనలేం. కానీ ఆ లాభం స్థలం నిండిపోయేదాకే. ఎక్కువ మోతాదుల దగ్గర, తెలిసిన మోతాదులతో గీసే కాలిబ్రేషన్ గీత వంగి, రెండు వాలులుగా విరగడం అందుకే.

వోల్టేజిని చిన్న చిన్న పల్సులుగా ఇచ్చి, పల్స్‌కు ముందూ చివరా ఉన్న కరెంట్ల తేడా కొలిచే డిఫరెన్షియల్ పల్స్ పద్ధతి ఈ నేపథ్యాన్ని చాలావరకు తీసేస్తుంది. 50 మిల్లీవోల్టుల పల్స్, 50 మిల్లీసెకన్ల నిడివి, 4 మిల్లీవోల్టుల మెట్టు దాదాపు అందరూ వాడే సెట్టింగులు. అయితే మందపాటి పూత చార్జ్ కావడానికి ఎక్కువ సమయం పడుతుంది. అదే నిడివి ఉంచితే నేపథ్యం తగ్గకముందే కొలత జరిగిపోతుంది. పూత మారిస్తే పల్స్ నిడివినీ మార్చి చూడాలన్న చిన్న సంగతి పట్టించుకునేవాళ్లు తక్కువ.

సీసాల్లో జరిగే పొరపాట్లు

డోపమిన్ తటస్థ ద్రావణంలో గాలి తగిలితేనే ఆక్సీకరణ చెందుతుంది. పొద్దున తెల్లగా ఉన్న ద్రావణం సాయంత్రానికి రంగు తిరిగిందంటే కాలిబ్రేషన్ అప్పటికే చెడింది. 0.1 మోలార్ పెర్‌క్లోరిక్ ఆమ్లంలో స్టాక్ చేసి, వెలుతురు పడకుండా అల్యూమినియం ఫాయిల్ చుట్టి, మంచులో పెట్టి, కొలిచే ముందు మాత్రమే బఫర్‌లో కలపాలి. ఆస్కార్బిక్ ఆమ్లం ఏ రోజుకారోజు తాజాగా చేసుకోవాలి. యూరిక్ ఆమ్లం నీళ్లలో సరిగా కరగదు. కాస్త సోడియం హైడ్రాక్సైడ్‌తో కరిగించి తర్వాత బఫర్‌లో పోయాలి. కరగని నలకలతోనే కొలిచేస్తే గీత వంకర్లు పోతుంది.

స్క్రీన్ ప్రింటెడ్ స్ట్రిప్పుల్లో రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ వెండి పేస్టే. దాని వోల్టేజి ద్రావణంలోని క్లోరైడ్‌ను బట్టి జరుగుతుంది, పదింతల తేడాకు సుమారు 59 మిల్లీవోల్టులు. బఫర్‌లో ఒకచోట, చెమటలో ఇంకోచోట పీక్ వచ్చిందంటే కొత్త అణువు దొరికిందని సంబరపడకముందు క్లోరైడ్ చూసుకోవాలి.

పీకులు విడిపోయాక కూడా

మంచి గ్రాఫీన్ పూత మీద ఆస్కార్బేట్ పీక్ సున్నా వోల్టు ప్రాంతానికి జరుగుతుంది, డోపమిన్ 0.2 దగ్గర, యూరిక్ ఆమ్లం 0.3 దాటి నిలుస్తాయి. మూడు పీకులూ విడివిడిగా కనిపించే ఆ బొమ్మే ప్రతి పత్రంలో కేంద్ర చిత్రం. నిజంగానే ఇది గ్రాఫీన్ సాధించిన విషయం. ఉత్త గ్లాసీ కార్బన్ మీద ఇంత స్పష్టంగా రాదు.

అయినా రెండు చిక్కులు మిగులుతాయి. డోపమిన్ ఆక్సీకరణ చెంది క్వినోన్ అయిన మరుక్షణం పక్కనున్న ఆస్కార్బేట్ దాన్ని మళ్లీ డోపమిన్‌గా మార్చేస్తుంది. ఆ డోపమిన్ మళ్లీ ఎలక్ట్రోడ్‌కు ఎలక్ట్రాన్లిస్తుంది. ఒకే అణువును రెండు మూడు సార్లు లెక్కపెట్టినట్టవుతుంది. పీకులు ఎంత దూరంగా ఉన్నా ఈ చర్య ద్రావణంలో జరిగేది కాబట్టి ఆగదు. ఆస్కార్బేట్ మోతాదును స్థిరంగా ఉంచి చేసిన కాలిబ్రేషన్, ఆ మోతాదు మనిషికీ మనిషికీ మారే చోట పనికిరాదు.

రెండోది మసి. క్వినోన్ తనలో తాను వలయం కట్టుకుని, ఒకదానితో ఒకటి గొలుసుకట్టి, మెలనిన్‌ను పోలిన పలుచని పొరగా ఎలక్ట్రోడ్ మీద పేరుకుంటుంది. పదో కొలత మొదటి కొలతంత రాదు. నేఫియాన్ అనే పాలిమర్ పూత పైన వేస్తే అందులోని సల్ఫోనేట్ గుంపుల రుణావేశం ఆస్కార్బేట్‌నూ యూరేట్‌నూ వెళ్లగొడుతుంది, ప్రోటీన్లను కొంత ఆపుతుంది. బదులుగా స్పందన నెమ్మదిస్తుంది. మెదడులో డోపమిన్ కొలిచేవాళ్లు వేరే దారి పట్టారు. 7 మైక్రాన్ల కార్బన్ పీచు ఎలక్ట్రోడ్ మీద సెకనుకు 400 వోల్టుల వేగంతో, మైనస్ 0.4 నుంచి 1.3 వోల్టుల దాకా, సెకనుకు పదిసార్లు స్కాన్ చేస్తారు. పై వోల్టేజి కార్బన్ ఉపరితలాన్ని ప్రతిసారీ కొద్దిగా చెక్కి తాజాగా ఉంచుతుంది. కొత్త పదార్థమేదీ లేకుండా, కొలిచే తీరు మార్చి సాధించిన పని ఇది. టూడీ పదార్థాలతో చేసే ఏ డోపమిన్ సెన్సరైనా పోల్చుకోవాల్సింది దీనితోనే తప్ప ఉత్త గ్లాసీ కార్బన్‌తో కాదు.

వంద రెట్లు పలుచన చేసిన రక్తం

పత్రం చివర్లో నిజ నమూనా పరీక్ష అని ఒక పట్టిక ఉంటుంది. సీరమ్‌ను (గడ్డకట్టిన రక్తం నుంచి వేరుపడే ద్రవాన్ని) 50 లేదా 100 రెట్లు బఫర్‌తో పలుచన చేసి, తెలిసిన మోతాదులో డోపమిన్ కలిపి, కలిపిందాంట్లో 98 నుంచి 102 శాతం తిరిగి కొలవగలిగామని చూపిస్తారు. ప్లాస్మాలో 0.2 నానోమోలార్ ఉన్న డోపమిన్ 100 రెట్లు పలుచన తర్వాత 2 పికోమోలార్ (పికోమోలార్ అంటే నానోమోలార్‌లో వెయ్యో వంతు). సెన్సర్ పసిగట్టగల కనిష్ఠ పరిమితి 20 నానోమోలార్ అని అదే పత్రంలో ఉంటే, అది మనిషి డోపమిన్‌ను చూసే అవకాశమే లేదు. పరిశోధకుడు కలిపిన డోపమిన్‌ను మాత్రమే చూసింది. లెక్కలో తప్పు లేదు, కానీ ఆ పట్టిక రోగి గురించి ఏమీ చెప్పడం లేదు. పలుచన చేయకపోతే లీటరుకు 35 నుంచి 50 గ్రాముల దాకా ఉండే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ఎలక్ట్రోడ్‌ను నిమిషాల్లో కప్పేస్తుంది. పలుచన చేయడానికి అసలు కారణం అదే.

కనిష్ఠ పరిమితి అన్న అంకె కూడా జాగ్రత్తగా చదవాలి. ఖాళీ ద్రావణపు ఊగిసలాటకు మూడింతలను కాలిబ్రేషన్ వాలుతో భాగిస్తే వచ్చేది అది. వాలును ఒక మోతాదు పరిధిలో, ఊగిసలాటను ఇంకో తీరులో కొలిచి భాగిస్తే ఎప్పుడూ కొలిచి చూడని పికోమోలార్ అంకెలు కూడా పుట్టుకొస్తాయి. కొలిచిన అతి తక్కువ మోతాదు 1 మైక్రోమోలార్ అయి, పరిమితి 1 నానోమోలార్ అని రాసి ఉంటే నమ్మడానికి తొందరపడనక్కర్లేదు.

వైద్యుల వైపు నుంచి చూస్తే మరో చేదు నిజం ఉంది. రక్తంలోని డోపమిన్ మెదడులోని డోపమిన్ సంగతి చెప్పదు, ఎందుకంటే అది రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే అడ్డుగోడను దాటదు. పార్కిన్సన్స్ రోగి వాడే లెవోడోపా మందులోనూ, డోపమిన్‌లో ఎలక్ట్రాన్లు వదిలే కాటెకాల్ వలయమే ఉంది కాబట్టి ఎలక్ట్రోడ్‌కు అదీ డోపమిన్‌లాగే కనిపిస్తుంది. నార్ఎపినెఫ్రిన్ అనే మరో నాడీ రసాయనానిదీ అంతే. చుక్క రక్తంతో పార్కిన్సన్స్ నిర్ధారణ అన్న శీర్షిక వెనక ఈ మూడు అడ్డంకులూ ఉంటాయి.

మ్యాక్సీన్‌ను ఏ వైపు వాడాలి

2011లో ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో టైటానియం అల్యూమినియం కార్బైడ్‌లోంచి అల్యూమినియం పొరను హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో కరిగించి తీసేస్తే మిగిలిన టైటానియం కార్బైడ్ రేకులే మ్యాక్సీన్. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చర్మం దాటి ఎముక దాకా పోతుంది, కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేలా లేకుండా ఆ సీసా మూత తీయకూడదు. 2014 నుంచి లిథియం ఫ్లోరైడ్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి వాడే కొంత సౌమ్యమైన పద్ధతి వచ్చింది. ఆమ్లం అక్కడికక్కడే పుడుతుందన్న మాటే గానీ ప్రమాదం పోలేదు.

మ్యాక్సీన్ లోహంలా కరెంట్ పోనిస్తుంది, నీళ్లలో సులువుగా కలుస్తుంది, పైన ఆక్సిజన్, హైడ్రాక్సిల్, ఫ్లోరిన్ గుంపుల వల్ల రుణావేశం ఉంటుంది. డోపమిన్‌కు ఇంతకంటే అనువైన చోటు ఉండదనిపిస్తుంది. కానీ తటస్థ ద్రావణంలో 0.4 వోల్టుల ప్రాంతంలో అది తానే ఆక్సీకరణ చెంది టైటానియం డైయాక్సైడ్‌గా మారడం మొదలవుతుంది, మళ్లీ వెనక్కి రాదు. డోపమిన్, యూరిక్ ఆమ్లం పీకులు ఆ గీతకు పక్కనే ఉన్నాయి. మొదటి స్కాన్ అద్భుతంగా వచ్చి, ఐదోదానికి సగమైపోతే నేరం డోపమిన్ మసిదా, మ్యాక్సీన్ తుప్పుదా అన్నది తేల్చాలి. డోపమిన్ లేని ఉత్త బఫర్‌లో అదే వోల్టేజి దాకా కొన్ని స్కాన్లు తీసి, తర్వాత మ్యాక్సీన్ కరెంట్ తగ్గిందేమో చూస్తే తేలిపోతుంది.

అందుకే మ్యాక్సీన్ బలం రుణ వోల్టేజి వైపు, క్షయకరణ చర్యల్లో కనిపిస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను క్షయకరించి కొలిచే ఎలక్ట్రోడ్లలో అది బాగా రాణించింది. నీళ్లలో కలిపి గది ఉష్ణోగ్రతలో వదిలేస్తే మాత్రం నల్లటి ద్రావణం కొద్ది రోజులు, వారాల్లో తెల్లబడుతుంది. ఆర్గాన్ నింపి ఫ్రిజ్‌లో పెట్టినా అది శాశ్వతం కాదు. మందుల షాపు అరలో ఏడాదిపాటు ఉండాల్సిన స్ట్రిప్‌కు ఇది చిన్న లోపమేమీ కాదు.

గ్లూకోజ్ ఎందుకు గట్టెక్కింది

పోలికకు గ్లూకోజ్ కంటే మంచి ఉదాహరణ లేదు. 1962లో క్లార్క్, లియాన్స్‌లు గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్‌ను ఎలక్ట్రోడ్‌కు జతచేసే ఆలోచన ముందుకు తెచ్చారు. ఆ ఎంజైమ్ గ్లూకోజ్‌నే పట్టుకుంటుంది, పక్కనున్న మిగతా చక్కెరలను దాదాపు పట్టించుకోదు. రక్తంలో గ్లూకోజ్ 4 నుంచి 8 మిల్లీమోలార్ల దాకా, అంటే డోపమిన్ కంటే కోట్ల రెట్లు ఉంటుంది. నానోమోలార్ సున్నితత్వం అక్కడ ఎవరికీ అక్కర్లేదు. కావాల్సింది రోజూ ఒకేలా చెప్పడం. గ్లూకోమీటర్లకు 2013 నాటి ఐఎస్ఓ 15197 ప్రమాణం కోరేదీ అదే: డెసిలీటరుకు 100 మిల్లీగ్రాముల లోపు అయితే 15 మిల్లీగ్రాముల తేడాలో, పైన అయితే 15 శాతం తేడాలో 95 శాతం ఫలితాలు ఉండాలి.

ఎంజైమ్ లేకుండా నికెల్, రాగి ఆక్సైడ్లను గ్రాఫీన్ మీద పెట్టి గ్లూకోజ్ కొలిచే పత్రాలూ ఎన్నో ఉన్నాయి. అవి పనిచేసేది 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో, పీహెచ్ 13 దగ్గర. రక్తం 7.4 దగ్గరే ఉంటుంది. ఆ ఒక్క అంకె చూసుకుంటే శీర్షికలోని ఉత్సాహం సగానికి దిగుతుంది.

అణువును గుర్తుపట్టే పని ఉపరితలానిది కాదు, రసాయన చర్యది అన్న పాఠం కొత్తదేమీ కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ప్రచురించిన భాస్వరం కొలత పద్ధతి నేటికీ బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో బతికుంది. ఫాస్ఫేట్‌తో చేరిన మాలిబ్డేట్‌ను క్షయకరించినప్పుడు వచ్చే నీలి రంగే దానికి ఆధారం. ఎలక్ట్రోడ్ల ప్రపంచంలో ఆ నీలి రంగు పాత్రను ఎంజైమ్ పోషిస్తోంది.

టూడీ పదార్థాలకు మిగిలిన చోటు

చుక్క వేసి ఆరబెట్టే తంతు వదిలేసిన తయారీ పద్ధతులు ముందుకు వస్తున్నాయి. 2014లో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయం బృందం పాలిఇమైడ్ ప్లాస్టిక్ పలక మీద కార్బన్ డైయాక్సైడ్ లేజర్‌ను నడిపి నేరుగా గ్రాఫీన్ గీతలు గీయవచ్చని చూపింది. ద్రావకం లేదు, పిపెట్ లేదు, అంచున వలయం కట్టే ప్రశ్నే లేదు. వచ్చేది రంధ్రాలతో నిండిన త్రిమితీయ నురుగే అయినా, లేజర్ శక్తి, వేగం స్థిరంగా ఉంచితే వందో స్ట్రిప్ మొదటిదాన్ని పోలి ఉంటుంది. వ్యాపారానికి అదే ముఖ్యం. యూరిక్ ఆమ్లం దీనికి సహజమైన లక్ష్యం. డెసిలీటరుకు 6.8 మిల్లీగ్రాములు, అంటే దాదాపు 400 మైక్రోమోలార్ల దగ్గర యూరేట్ స్ఫటికాలు కట్టే హద్దు ఉంది. ఆ మోతాదును గుర్తించడానికి పికోమోలార్ పరిమితితో పని లేదు.

ఎలక్ట్రోడ్‌కు అసలే లొంగని అణువు క్రియాటినిన్, అంటే కండరాల్లో పుట్టి మూత్రపిండాలు వడపోసే వ్యర్థం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో దశాబ్దాలుగా జనాన్ని పీడిస్తున్న మూత్రపిండాల జబ్బును కనిపెట్టడానికి ముందుగా చూసేది దాన్నే. ఆరోగ్యవంతుల్లో డెసిలీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీగ్రాములు, సుమారు 53 నుంచి 106 మైక్రోమోలార్లు ఉంటుంది. మోతాదు తక్కువేమీ కాదు, కానీ కార్బన్ మీద అందుబాటులో ఉన్న వోల్టేజిలో అది ఎలక్ట్రాన్లు వదలదు, గ్రాఫీనైనా మ్యాక్సీనైనా దాన్ని నేరుగా చూడలేవు. అందుకే మూడు ఎంజైమ్‌ల గొలుసు వాడతారు. క్రియాటినినేజ్ దాన్ని క్రియాటిన్‌గా, క్రియాటినేజ్ ఆ క్రియాటిన్‌ను సార్కోసిన్‌గా మారుస్తాయి, చివరికి సార్కోసిన్ ఆక్సిడేజ్ దాన్ని ఆక్సీకరించి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తుంది. రక్తంలో ముందే ఉన్న క్రియాటిన్ కూడా రెండో మెట్టులో దూరిపోతుంది, దాన్ని పక్కనే మరో ఎలక్ట్రోడ్‌తో విడిగా కొలిచి తీసేయాలి.

ఆ పెరాక్సైడ్‌ను ప్లాటినం మీద 0.6 వోల్టుల పైన ఆక్సీకరిస్తే ఆస్కార్బేట్, యూరేట్ రెండూ కలిసి వస్తాయి. ప్రష్యన్ బ్లూ అనే ఇనుము, సయనైడ్‌ల నీలి పదార్థాన్ని పూసిన గ్రాఫీన్ మీదైతే సున్నా వోల్టుల ప్రాంతంలోనే క్షయకరించి కొలవవచ్చు, అక్కడ ఆ రెండింటి గొడవ చాలావరకు ఉండదు. ఈ ఏర్పాటులో గుర్తుపట్టేది ఎంజైమ్, ఎలక్ట్రాన్లు అందించేది ప్రష్యన్ బ్లూ, ఆ రెండింటినీ గట్టిగా పట్టుకుని కరెంట్ మోసుకెళ్లేది గ్రాఫీన్. ప్రష్యన్ బ్లూ కాస్త ఆమ్ల ద్రావణంలో స్థిరంగా ఉండి, పీహెచ్ 7.4 దగ్గర మెల్లగా కరిగిపోతుంది. ఒకసారి వాడి పారేసే స్ట్రిప్‌కు అది అడ్డు కాదు, ఒంటికి వారం రోజులు అంటించి ఉంచాల్సిన పట్టీకి అడ్డే.